ఎనిమిది కుర్చీల హోటల్లో దేవుడెవరు?

జపాన్ వెళ్లివచ్చిన మనవాళ్లు ఆ దేశాన్ని పొగడడం మొదలుపెడితే ఒక పట్టాన ఆపరు. రైళ్ల సమయపాలన, వీధుల శుభ్రత, పోగొట్టుకున్న పర్సు తిరిగి దొరకడం, అన్నీ వరుసగా వస్తాయి. సంభాషణ చిన్న హోటళ్ల దగ్గరికి చేరేసరికి మాత్రం స్వరం మారుతుంది. అడగని వంటకం తెచ్చిపెట్టి బిల్లులో కలిపేశారనీ, నలుగురం వెళ్లి రెండు ప్లేట్లు చెబితే ఒప్పుకోలేదనీ, లోపల కుర్చీలు ఖాళీగా కనిపిస్తున్నా గుమ్మం దగ్గరే చేతులు అడ్డంగా పెట్టి పంపేశారనీ ఫిర్యాదులు వినిపిస్తాయి. 2024లో జపాన్‌కు 3 కోట్ల 68 లక్షలకు పైగా విదేశీయులు వచ్చారు. వారిలో భారతీయులు 2 లక్షల 30 వేల పైచిలుకు. సంఖ్య పెరిగేకొద్దీ ఈ రకమైన ఫిర్యాదులూ పెరుగుతాయి. ఇందులో చాలా భాగం, మనం అడుగుపెట్టిన హోటలు ఎంత చిన్నదో గమనించకపోవడం వల్ల పుట్టిందని నా అభిప్రాయం. కొన్ని ఫిర్యాదులు న్యాయమైనవే. వాటి సంగతి తర్వాత చూద్దాం.

టోక్యోలోని షింజుకులో గోల్డెన్ గాయ్ అనే ప్రాంతం ఉంది. ఆరు ఇరుకు సందుల్లో దాదాపు 200 చిన్న బార్లు ఉన్న ఆ చోట, చాలావాటిలో పది మంది కూర్చోవడమే కష్టం. ఆ ప్రాంతం పర్యాటకుల వల్ల ప్రసిద్ధి పొందింది గానీ, అలాంటి కొలతల హోటళ్లు జపాన్‌లో ఊరూరా ఉన్నాయి. మద్యంతో పాటు చిన్న చిన్న వంటకాలు వడ్డించే ఇజకాయాలు, సుషీ దుకాణాలు, రామెన్ అనే నూడుల్స్ సూప్ అమ్మే అంగళ్లు ఎన్నో ఏడెనిమిది కుర్చీల కౌంటరు మీదే బతుకుతాయి. వండేవాడు, వడ్డించేవాడు, డబ్బు తీసుకునేవాడు తరచుగా ఒక్కరే. మహా అయితే భార్యో, ఒక సహాయకుడో తోడుంటారు. ఉదయం కొన్న చేప, మధ్యాహ్నం కాచిన రసం, కోసి పెట్టుకున్న కూరలు, అన్నీ ఆ రాత్రి వచ్చే ఇంతమంది కోసమని లెక్కగట్టి సిద్ధం చేసినవి. అందుచేత బయటి నుంచి ఖాళీగా కనిపించే కుర్చీ నిజానికి ఖాళీది కాకపోవచ్చు. అది ఏడు గంటలకు రానున్న మనిషి కోసం ఉంచినదై ఉంటుంది, లేదా ఇక వండడానికి చేతులు చాలని యజమాని కావాలనే వదిలేసినదై ఉంటుంది.

సీటు బుక్ చేసుకుని, చెప్పాపెట్టకుండా రాకుండా పోవడం ఇలాంటి చోట ఎంత నష్టమో వేరే చెప్పనక్కరలేదు. ఎనిమిదిలో నాలుగు కుర్చీలు పోతే ఆ రాత్రి సగం వ్యాపారం పోయినట్టే. జపాన్ ఆర్థిక, వాణిజ్య, పరిశ్రమల శాఖ 2018లో వెలువరించిన నివేదిక ఇలాంటి గైర్హాజరీల వల్ల అక్కడి హోటళ్లకు ఏటా దాదాపు 20 వేల కోట్ల యెన్లు నష్టం వస్తోందని అంచనా వేసింది. ముందే నిర్ణయించిన భోజనం బుక్ చేసి రానివారి నుంచి మొత్తం ధరనూ, సీటు మాత్రమే బుక్ చేసినవారి నుంచి సగటు బిల్లులో సగాన్నీ వసూలు చేయడం సమంజసమని కూడా సూచించింది. మనవైపు హోటల్లో టేబుల్ చెప్పి వెళ్లకపోతే అడిగేవాడు ఉండడు కాబట్టి, ఒకే రాత్రికి మూడు చోట్ల సీట్లు చెప్పి ఆకలినిబట్టి ఒకచోటికి వెళ్లడం తెలివైన పనిగా కొందరికి తోస్తుంది. అక్కడ అది మర్యాద తప్పడం మాత్రమే కాదు, ఎదుటివాడి జేబులో చెయ్యి పెట్టడం కూడా.

అడగకుండా వచ్చే వంటకం సంగతి కొంచెం నిదానంగా చూడాలి. ఇజకాయాలో కూర్చోగానే చిన్న గిన్నెలో ఉడికించిన కూరో, ఊరగాయో, చేప ముక్కో ముందు పెడతారు. దీన్ని ఓతోషి అంటారు. ఒసాకా వైపు త్సుకిదాషి అన్న పేరు ఎక్కువ. మనిషికి 300 నుంచి 500 యెన్ల దాకా బిల్లులో చేరుతుంది. ఇది రెండు పనులు చేస్తుంది: మొదటి వంటకం వచ్చేలోగా తాగేదానికి నంజుగా పనికొస్తుంది, ఆ కుర్చీలో రెండు గంటలు కూర్చున్నందుకు అద్దె కూడా అవుతుంది. స్థానికులకు ఇది తెలిసిన ఆనవాయితీ కాబట్టి చాలామంది గోడ మీద రాసిపెట్టరు. విదేశీయులు ఇంతమంది వస్తున్న రోజుల్లో రాసిపెట్టకపోవడం యజమాని తప్పేనని నేననుకుంటాను. ధర తెలియని వస్తువుకు డబ్బు కట్టమంటే ఎవరికైనా చిరాకు వస్తుంది. అయితే తెలిసిన తర్వాత కూడా బేరమాడడం, తినలేదు కాబట్టి తీసేయమనడం వేరే సంగతి. అద్దె తిన్నదానికి కాదు, కూర్చున్నదానికి.

‘వన్ బై టూ’ అలవాటు కూడా ఇక్కడే దెబ్బతింటుంది. హైదరాబాద్‌లో ఇద్దరు కలిసి ఒక సూప్ చెప్పి రెండు గిన్నెల్లో పోయమంటే సర్వర్ కనురెప్ప కూడా ఆడించడు. ఇరానీ హోటల్లో ఒక్క చాయ్ ముందు పెట్టుకుని గంటల తరబడి రాజకీయాలు మాట్లాడడం ఆ నగరపు సంస్కృతిలో భాగం. ఆ ఉదారత వెనుక పెద్ద హాలు, ఎత్తైన పైకప్పు, చాయ్ మీద చాయ్ అమ్ముడుపోయే రద్దీ ఉన్నాయి. ఎనిమిది కుర్చీలవాడికి అవేవీ లేవు కనుకనే మనిషికి ఒక పానీయమైనా, ఒక వంటకమైనా చెప్పాలంటాడు, రెండు గంటల తర్వాత లేవాలంటాడు. నిజానికి ఈ లెక్క మనకు కొత్తది కాదు. అడిగినంత అన్నం పెట్టే మన మీల్స్ హోటళ్లలో ఒక భోజనాన్ని ఇద్దరు పంచుకుంటామంటే ఒప్పుకుంటారా? ‘ప్లేటులో చేయి కడగరాదు’, ‘అప్పు రేపు’ అన్న బోర్డులు చూస్తూ పెరిగినవాళ్లం, మర్యాదకు నియమాలుండవని అనలేము. అక్కడి నియమాలు బోర్డు మీద లేకపోవడమే మనకు ఇబ్బంది.

ఈ చర్చలో ‘అతిథి దేవోభవ’ ప్రస్తావన రాక మానదు. తైత్తిరీయోపనిషత్తులో ఈ మాట చదువు ముగించుకుని ఇంటికి వెళ్లబోతున్న శిష్యుడికి గురువు చెప్పే బోధలో వస్తుంది. అంటే అది ఇంటి యజమాని కాబోతున్నవాడికి అప్పగించిన బాధ్యత. వచ్చిన అతిథి ఆ మాటను తానే ఎత్తుకుని ‘నేను దేవుణ్ణి, నాకు కావలసింది తెచ్చిపెట్టు’ అంటే బోధ తలకిందులవుతుంది. విచిత్రమేమిటంటే జపాన్‌లోనూ అచ్చంగా ఇదే జరిగింది. మినామి హరువో అనే గాయకుడు 1961లో వేదిక మీద ప్రేక్షకులు దేవుళ్లని అన్నాడు. దేవుడి ఎదుట నిలబడ్డట్టు మనసు నిర్మలం చేసుకుని పాడాలన్నది ఆయన ఉద్దేశం. ఆ మాట జనంలో పడి, కొనుగోలుదారుడు ఏమన్నా పడాలనే అర్థంలో వాడుకలోకి వచ్చింది. దుకాణాల్లో, హోటళ్లలో పనిచేసేవారిపై అరుపులు, బలవంతపు క్షమాపణలు ఎంతగా పెరిగాయంటే, టోక్యో మహానగర ప్రభుత్వం వాటిని నిషేధిస్తూ ప్రత్యేకంగా ఒక శాసనం చేయవలసి వచ్చింది. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఆ శాసనంలో శిక్షలేమీ లేవు గానీ, కొనేవాడి హక్కుకు ఒక హద్దు ఉందని జపాన్‌లో ఒక స్థానిక ప్రభుత్వం శాసనంగా చెప్పడం అదే మొదలు. విదేశీయుల కోసం చేసినది కాదది. ముందుగా తమ వాళ్ల కోసమే చేసుకున్నారు.

తెలుగువాళ్లకు అన్నిటికంటే పెద్ద చిక్కు శాకాహారం. మాంసం వద్దని చెబితే మాంసం లేని వంటకమే వస్తుంది, కానీ అందులో చేప ఉంటుంది. జపాన్ వంటకు పునాది దాషీ అనే రసం. ఎండబెట్టి పొగపట్టించిన చేపను పొరలుగా చెక్కిన కత్సుఒబుషి నుంచో, చిన్న ఎండుచేపల నుంచో సాధారణంగా దాన్ని తీస్తారు. మిసో సూప్, ఊదోన్ అనే నూడుల్స్ పులుసు, తెంపురా అనే బజ్జీలకు నంజుకునే పులుసు, ఉడికించిన గుమ్మడికాయ, చివరికి గుడ్డు అట్టు దాకా అది లేని చోటు వెతకడం కష్టం. కొంబు అనే సముద్రపు నాచుతో, ఎండు పుట్టగొడుగులతో మాత్రమే రసం తీసే షోజిన్ వంట బౌద్ధాలయాల సంప్రదాయంలో శతాబ్దాలుగా ఉంది, కానీ వీధి చివరి ఇజకాయాలో ఉండదు. అక్కడ కూర్చున్నాక ‘చేప లేకుండా చేసిపెట్టండి’ అంటే, మధ్యాహ్నం కాచిన రసాన్ని పారబోసి కొత్తగా కాచమని అడిగినట్టే. ఆ పరిస్థితిలో యజమాని తల వంచి, చేయలేనని చెప్పడాన్ని నేను ఆతిథ్యంలో భాగంగానే చూస్తాను. పైన కనబడే ముక్కలు తీసేసి శాకాహారమని వడ్డించేవాడి కంటే ఇతడు నమ్మదగినవాడు.

నాలుగు రోజుల ముందు, బుక్ చేసేటప్పుడే, ఏవి తినమో జపనీస్‌లో రాసి పంపితే సంగతి వేరుగా ఉంటుంది. చేయగలిగినవాడు దానికి తగ్గట్టు సరుకు తెచ్చుకుంటాడు, చేయలేనివాడు అప్పుడే చెప్పేస్తాడు. ఈ రెండూ కాకుండా మనవాళ్లు కనిపెట్టిన మూడో దారి, బ్యాగులోంచి పులిహోర పొట్లమో, ఆవకాయ సీసానో తీయడం. బయటి తిండి తేవడం అక్కడి హోటళ్లలో నిషిద్ధమన్నది ఒక సంగతైతే, మూరెడు దూరంలో చేప సువాసన కోసమే అంత డబ్బు పెట్టి కూర్చున్న పక్కవాడి భోజనంలోకి ఆవ ఘాటు ప్రవేశించడం మరొకటి. సుషీ కౌంటరులో గాఢమైన అత్తరు పూసుకుని రావద్దనడానికి కారణం కూడా ఇదే. ఆవకాయ మీద నాకెంత ప్రేమ ఉన్నా, దాన్ని గదిలో అన్నం పొట్లంతో కలుపుకోవడమే క్షేమం.

యాత్రా మార్గదర్శకాలన్నీ పేజీల కొద్దీ చాప్‌స్టిక్ మర్యాదలు రాస్తాయి గానీ, వాటిలో నిజంగా మనసు నొప్పించేవి రెండే. పుల్లలను అన్నంలో నిలువుగా గుచ్చడం మృతుడి తలాపున పెట్టే అన్నాన్ని గుర్తుచేస్తుంది. ఒకరి పుల్లల నుంచి మరొకరి పుల్లలకు తిండి అందించడం దహనం తర్వాత అస్థికలు ఏరే తీరును గుర్తుచేస్తుంది. అపరకర్మలకు సంబంధించిన పనులను శుభవేళ దగ్గరికి రానివ్వని మనకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. మిగిలిన పొరపాట్లను విదేశీయుడని నవ్వి ఊరుకుంటారు. సుషీని చేత్తో తినడంలో తప్పేమీ లేదు, నూడుల్స్ చప్పుడు చేస్తూ జుర్రినా తప్పు లేదు. వాళ్లు ఊరుకోలేనివి వేరే ఉన్నాయి: పక్కవాళ్ల మాట వినబడనంత గట్టిగా ఫోన్లో మాట్లాడడం, వండేవాడి ముఖానికి అనుమతి లేకుండా కెమెరా పెట్టడం, చేతికి అందించిన సుషీ ముక్కను ఫొటోల కోసం ఐదు నిమిషాలు ఆరబెట్టడం.

బయటికి వచ్చేటప్పుడు బల్ల మీద టిప్పు వదలడం అమెరికాలో స్థిరపడిన మనవాళ్లకు అలవాటైపోయింది. బిల్లు మీద 18, 20 శాతం కలపడం అక్కడ తప్పనిసరి మర్యాద. జపాన్‌లో అలా వదిలిన నోటును మరిచిపోయారనుకుని పనివాళ్లు వెంటపడి తెచ్చిస్తారు. అక్కడ చెల్లే నాణెం ‘గొచిసోసమా’ అన్న మాట. తిన్నవాడు లేచేటప్పుడు వండినవాడికి వినబడేలా చెప్పే కృతజ్ఞత అది. ‘అన్నదాతా సుఖీభవ’ అంటూ విస్తరి ముందునుంచి లేచే సంప్రదాయం ఉన్న మనకు దాని బరువు తెలియాలి.

ఇంతవరకు హోటలువాడి పక్షాన మాట్లాడాను, కాని అతని ప్రతి నియమాన్నీ సమర్థించలేను. క్యోటోలో గెయ్‌కోలు, అంటే అక్కడి గీషాలు, ఆడిపాడే విందు గృహాల్లో పరిచయస్తుల సిఫారసు లేనివాళ్లను రానివ్వరు. అక్కడ ఆ రాత్రి ఖర్చంతా ఇల్లే భరించి తర్వాత బిల్లు పంపుతుంది, చెల్లించకపోతే సిఫారసు చేసినవాడు జవాబుదారీ. కనుక ఆ నిషేధం టోక్యో కోటీశ్వరుడికీ వర్తిస్తుంది. తెలియనివాడికి అప్పు ఇవ్వకపోవడం వివక్ష కాదు. కానీ ‘జపనీయులకు మాత్రమే’ అన్న కాగితం తలుపుకు అంటించడం అలాంటిది కాదు. హొక్కైదో దీవిలోని ఒతారులో ఒక స్నానశాల విదేశీ రూపురేఖలున్న ముగ్గురిని వెనక్కి పంపినప్పుడు, సప్పోరో జిల్లా కోర్టు 2002లో ఒక్కొక్కరికి 10 లక్షల యెన్ల పరిహారం ఇవ్వమంది. ఆ ముగ్గురిలో ఒకరు అప్పటికే జపాన్ పౌరుడు. కొందరు విదేశీయుల అల్లరిని సాకుగా చూపి అందరికీ తలుపు మూయడం ఆ యజమాని చేసిన పని. హోటళ్లలోనూ వినబడే వాదన అదే. ప్రవర్తన మీద ఎంత కఠినమైన నియమమైనా పెట్టవచ్చు, పుట్టుక మీద పెట్టకూడదు. అల్లరి విదేశీయుల సొత్తు కూడా కాదు. 2023లో గిఫులోని ఒక సుషీ హోటల్లో సాస్ సీసా మూతిని నాకుతూ వీడియో తీయించుకున్నది స్థానిక కుర్రవాడే.

ఈ హోటళ్ల మీద ఒత్తిడి ఇప్పుడు తక్కువేమీ లేదు. 2024 జులైలో కొత్త నోట్లు రావడంతో రామెన్ అంగళ్లు, డబ్బు వేస్తే భోజనం టికెట్ ఇచ్చే యంత్రాలను మార్చుకోవలసి వచ్చింది. గోధుమపిండి, కరెంటు ధరలు పెరిగినా గిన్నె ధర 1,000 యెన్లు దాటితే జనం రారన్న భయం. తెయికోకు డేటాబ్యాంక్ అనే వ్యాపార సమాచార సంస్థ లెక్క ప్రకారం ఆ ఏడాది దివాలా తీసిన రామెన్ వ్యాపారాలు 72, అప్పటికి అదే అత్యధికం. ఈ పరిస్థితుల్లో బుక్ చేసేటప్పుడే కార్డు వివరాలు అడగడం, డబ్బు ముందే కట్టించుకోవడం చిన్న హోటళ్లకూ పాకుతుంది, పాకడం సబబే. హైదరాబాద్, విజయవాడల నుంచి బృందాలను తీసుకెళ్లే టూర్ నిర్వాహకులు ముందుగా చేయవలసినవి రెండున్నాయి. ఇరవై మందిని ఎనిమిది కుర్చీల ముందు దించడం మానేసి అంతమందికి సరిపడే హోటలుకే తీసుకెళ్లాలి. ఉల్లి, వెల్లుల్లి, చేప రసంతో సహా ఎవరు ఏది తినరో, బస్సు హోటలు ముందు ఆగినప్పుడు కాకుండా, సీట్లు బుక్ చేసిన రోజే జపనీస్‌లో రాసి పంపాలి.