తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ఏటా అక్టోబరు 1న అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం జరుపుతారు. పెద్దవాళ్ళను ముందు వరుసలో కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెబుతారు, ఫొటోలు తీస్తారు, సాయంత్రానికి ఎవరింటి దగ్గర వాళ్ళను దిగబెడతారు. 2వ తేదీ నుంచి మళ్ళీ అవే నాలుగు గోడలు, అదే టీవీ. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం పీడిస్తోందనీ, ఏటా దాదాపు 8 లక్షల 71 వేల మరణాలకు దానితో సంబంధం ఉందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2025 జూన్‌లో లెక్క చెప్పింది. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఏకంగా మంత్రులకే ఈ బాధ్యత అప్పగించాయి. జబ్బు ఉందా లేదా అన్న చర్చ ముగిసినట్టే. నా పేచీ అంతా మందు దగ్గర.

చిన్న పట్టణాల్లో వయసు మళ్ళినవాళ్ళకు మనం రాసిచ్చే మందు పేరు కాలక్షేపం. వారానికో కార్యక్రమం, నెలకో విహారయాత్ర, అప్పుడప్పుడూ ఒక ఉపన్యాసం. వీటిలో పెద్దవాళ్ళ వంతు వచ్చి కూర్చోవడమే. వాళ్ళు రాకపోయినా కార్యక్రమం ఆగదు. ఒక కుర్చీ ఖాళీగా ఉంటుంది, అంతే. ఆ సంగతి అందరికంటే ముందు తెలిసేది ఆ కుర్చీలో కూర్చునే మనిషికే. అందుకే రెండు నెలలు వచ్చి మానేస్తారు. అప్పుడు మనం ‘పిలిచినా రారండీ’ అంటాం.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. పెద్దవాళ్ళకు పని అప్పజెప్పాలి. జీతం ఉన్నా లేకపోయినా సరే, తాము రాకపోతే ఎక్కడో ఏదో ఆగిపోయే పని.

నాకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నారు. భార్య పోయాక రెండేళ్ళు ఇల్లు కదల్లేదు. పలకరించడానికి వెళ్ళినవాళ్ళతో అయిదు నిమిషాల్లో మాటలైపోయేవి. ఒకసారి ఆ పట్టణంలోని పఠన మందిరం తెరిచే మనిషి వేరే ఊరు వెళ్ళిపోతూ, దగ్గరిల్లు కదా అని తాళంచెవి ఈయన చేతిలో పెట్టాడు. వారం రోజులకే అన్నాడు. మళ్ళీ ఎవరూ వచ్చి అడగలేదు, ఈయన కూడా ఇవ్వలేదు. నేను వెళ్ళి చూశాను. ఆ తాళం పాతది. కొంచెం పైకెత్తి పట్టుకుని తిప్పితే తప్ప రాదు. ఎడమ చేత్తో తాళం ఎత్తి, కుడి చేత్తో చెవి తిప్పి, తలుపు తెరిచి, కిటికీలు తీసి, నిన్నటి పేపర్లు మడిచి పక్కన పెట్టి, ఇవాళ్టివి బల్ల మీద పరిచేసరికి ఆయనకు ఇరవై నిమిషాలు పడుతుంది. ఈలోపే ఇద్దరు ముగ్గురు వచ్చి గుమ్మంలో నిలబడతారు. ‘ఇవాళ రెండు నిమిషాలు లేటండీ’ అని ఎవరో ఒకరు అంటారు. ఆ ఫిర్యాదు విన్నప్పుడు ఆయన ముఖం చూడాలి. రెండేళ్ళ పరామర్శల్లో ఎవరూ ఇవ్వలేనిది ఆ ఒక్క మాటలో దొరికింది.

ఇది నా అనుభవం ఒక్కటే అయితే ఇంత గట్టిగా చెప్పను. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని ఒక వృద్ధుల నివాసంలో చేసిన ప్రయోగం ఉంది. ఒక అంతస్తులో ఉన్నవాళ్ళకు ‘మీ గది ఎలా ఉండాలో, ఏ రోజు సినిమా చూడాలో మీరే తేల్చుకోండి’ అని చెప్పి తలా ఒక మొక్క ఇచ్చారు. దాన్ని పెంచే బాధ్యత వాళ్ళదే. ఇంకో అంతస్తులో కూడా మొక్కలు ఇచ్చారు, కానీ నీళ్ళు నర్సులే పోస్తారని చెప్పారు. మూడు వారాల్లోనే తేడా కనిపించింది. బాధ్యత ఉన్నవాళ్ళు చురుగ్గా తిరిగారు, నలుగురితో మాట్లాడారు. ఏడాదిన్నర తర్వాత చూసినా ఆ తేడా చెరిగిపోలేదు. ప్రయోగం చిన్నదే, నూరు మంది కూడా లేరు. అయినా దాని తర్కం ముందు మన విహారయాత్రలు వెలవెలబోతాయి. నీళ్ళు ఎవరు పోస్తారన్న దగ్గరే తేడా అంతా వచ్చింది.

ఆ కాలంలోనే రిచర్డ్ షుల్జ్ అనే పరిశోధకుడు కాలేజీ విద్యార్థులను వృద్ధుల దగ్గరికి పంపాడు. ఎప్పుడు రావాలో తామే చెప్పగలిగినవాళ్ళు, ఎప్పుడు వస్తారో ముందే తెలిసినవాళ్ళు బాగా కోలుకున్నారు. ప్రయోగం అయిపోయింది, విద్యార్థులు వెళ్ళిపోయారు. తర్వాత ఆరా తీస్తే, అంత బాగా కోలుకున్నవాళ్ళే అందరికంటే ఎక్కువ కుంగిపోయారని తేలింది. ఏడాది పాటు నిధులిచ్చి ఆపేసే ప్రతి పథకం తయారుచేసేవాళ్ళకూ ఈ ఫలితం తెలియాలి. పలకరింపును మనం ఇస్తే, రేపు మనమే తీసుకుపోగలం. పఠన మందిరం పెద్దాయన చేతిలోని తాళంచెవి అలా కాదు, దాని మీద పెత్తనం ఆయనది.

మంచి ఉదాహరణలు లేక కాదు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలోని టొంగాలా అనే చిన్న పట్టణంలో 1998లో ‘మెన్స్ షెడ్’ అన్న పేరుతో ఒక షెడ్డు తెరిచారు. రంపాలు, సుత్తులు, విరిగిన కుర్చీలు, రిటైరైన మగవాళ్ళు. ఇప్పుడు ఆ దేశంలోనే అలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. ఐర్లండ్, బ్రిటన్, న్యూజిలాండ్, కెనడా దాకా పాకాయి. మగవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని మనసు విప్పరు, పక్కపక్కన నిలబడి పని చేస్తూ మాట్లాడుకుంటారు అన్నది వాళ్ళ నినాదం. ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో 1973లో పెద్దవాళ్ళ కోసం విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు ప్రొఫెసర్లు పాఠం చెబితే పెద్దవాళ్ళు వినేవాళ్ళు. 1980ల మొదట్లో అది బ్రిటన్‌కు వచ్చేసరికి ప్రొఫెసర్లను పక్కన పెట్టి, తెలిసినవాళ్ళే తెలియనివాళ్ళకు చెప్పే పద్ధతి పెట్టుకున్నారు. ఇవాళ చరిత్ర పాఠం చెప్పినాయన రేపు ఫొటోగ్రఫీ నేర్చుకుంటాడు. నాకు ఈ రెండో పద్ధతే నచ్చుతుంది. ఎందుకో మళ్ళీ చెప్పక్కర్లేదు.

చిన్న పట్టణంలో అందరికీ అందరూ తెలుసు కదా, ఒంటరితనం ఎక్కడిది అంటారు కొందరు. తెలిసి ఉండటం వేరు, అవసరపడటం వేరు. రిటైరైన స్టేషన్ మాస్టర్ చనిపోయేదాకా ‘పాత స్టేషన్ మాస్టరు గారే’. ఆయన ఒకప్పుడు ఏమిటో ఊరందరికీ గుర్తే, ఇప్పుడేం చేయగలరో ఎవరూ అడగరు. పైగా చిన్న ఊళ్ళో జట్లు చిన్నవి. నలుగురు కలిసి చదరంగం ఆడేవాళ్ళు. ఒకరు పోయారు, ఇంకొకరిని కొడుకు తన దగ్గరికి తీసుకెళ్ళాడు, మూడో ఆయనకు చూపు మందగించింది. చదరంగానికి ఇద్దరుంటే చాలు, కానీ ఆ రెండో మనిషే లేడు. నగరంలో అయితే ఇంకో జట్టు వెతుక్కోవచ్చు. ఇక్కడ ఉన్నదే అది. సాయంత్రం చివరి బస్సు పోయిందంటే, బండి నడపడం మానేసిన మనిషికి ఊళ్ళో ఏ కార్యక్రమమూ లేనట్టే.

ఆడవాళ్ళ సంగతి ఇంకాస్త వేరు. ఇంటి పని నుంచి వాళ్ళకు రిటైర్మెంట్ ఎలాగూ లేదు, కాబట్టి వాళ్ళకు పని అప్పజెప్పాలంటే అన్యాయంగా వినిపిస్తుంది. కానీ ఏ సంఘంలోనైనా చూడండి. సర్దడం, ఊడ్చడం, వచ్చినవాళ్ళను చూసుకోవడం ఆడవాళ్ళ వంతు. తాళంచెవి, జమాఖర్చుల పుస్తకం, మైకు మగవాళ్ళ చేతిలో ఉంటాయి. ఆడవాళ్ళకు దక్కనిది ఆ రెండో రకం పని. డెబ్బై ఏళ్ళ వయసులోనైనా ఆ పుస్తకం ఆమె ముందుకు జరపాలి.

జీవితమంతా కష్టపడ్డారు, ఇక వాళ్ళను విశ్రాంతిగా ఉండనివ్వండి అనేవాళ్ళ మాటలో ప్రేమ ఉంది. ఏకాంతాన్ని కోరి తెచ్చుకునే మనుషులూ ఉన్నారు, వాళ్ళ జోలికి వెళ్ళకూడదు. ఒంట్లో శక్తి లేనివాళ్ళూ ఉన్నారు. కానీ ‘విశ్రాంతి తీసుకోండి’ అనే మాట చాలా ఇళ్ళలో ‘మీరు అడ్డు రాకండి’ అన్నదానికి మర్యాదైన రూపం. శక్తి తగ్గితే పని తగ్గించవచ్చు. తలుపు తెరవలేకపోతే రిజిస్టరు రాస్తారు. అదీ కష్టమైతే, వరసగా రెండు రోజులు రానివాళ్ళకు ఇంటి నుంచే ఫోన్ చేస్తారు. మంచం మీద ఉన్న మనిషి కూడా చేయగల పని అది.

ఇక వినికిడి గురించి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ ఎందరినో ఇంటికి పంపించేసింది ఇదే. రేకుల కప్పు, గోడలకు కొట్టుకుని తిరిగొచ్చే మైకు శబ్దం, పైన గిరగిర తిరిగే ఫ్యాన్లు. ఎవరో జోకు వేస్తారు. అందరూ నవ్వుతారు. మూడో వరుసలో పెద్దావిడ పక్కవాళ్ళ ముఖం చూసి ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వుతుంది. ఆమెకు ఏమీ వినపడలేదు. అలా నాలుగుసార్లు నవ్వి, అయిదోసారి రావడం మానేస్తుంది, మోకాళ్ళ నొప్పులని చెబుతుంది. జ్ఞాపకశక్తి, ఆలోచన మందగించే డిమెన్షియా జబ్బుపై లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక, మనం మార్చగల 14 ముప్పు కారణాల్లో వినికిడి లోపాన్నీ, మనుషులకు దూరం కావడాన్నీ విడివిడిగా లెక్కపెట్టింది. చాలామంది జీవితంలో మొదటిది రెండోదానికి దారి తీస్తుంది. హాలు కట్టేటప్పుడు ప్రతిధ్వని రాకుండా చూసుకోవడం, మాట్లాడేవాళ్ళు ముఖం కనిపించేలా నిలబడటం పెద్ద ఖర్చేం కాదు.

నన్ను వీటన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది కౌంటర్లు మాయమైపోవడం. బ్యాంకు బ్రాంచి మూసేసి యాప్ ఇచ్చారు. టికెట్ల కిటికీ దగ్గర మనిషికి బదులు మెషీన్ పెట్టారు. ప్రతిచోటా మిగిలింది సమయమే అన్నారు. ఆ సమయం ఎవరికి మిగిలింది? పెద్దాయనకు సమయం ఎప్పుడూ కొరత కాదు. పాస్‌బుక్కు పట్టుకుని క్యూలో నిలబడి, ముందున్నవాళ్ళతో మాట్లాడి, కౌంటర్లో అమ్మాయి ‘కళ్ళద్దాలు మార్చారా అండీ’ అంటే సంబరపడి ఇంటికొచ్చేవాడు. అదంతా ముఖపరిచయమే, స్నేహం కాదు. కానీ ముఖపరిచయాలు ఎక్కువగా పలకరించిన రోజున మనుషులు ఎక్కువ సంతోషంగా ఉంటున్నారని శాండ్‌స్ట్రామ్, డన్ అనే పరిశోధకులు 2014లో చూపించారు. కొడుకు వారానికోసారి చేసే వీడియోకాల్ దీనికి బదులు కాలేదు, అది వేరే ఆకలి.

ఫ్రాన్స్ తపాలా సంస్థ 2017లో కొత్త సేవ తెచ్చింది. పోస్ట్‌మ్యాన్ మీ అమ్మానాన్నల ఇంటికి వెళ్ళి పలకరించి వస్తాడు, పిల్లలు రుసుము కట్టాలి. నెదర్లాండ్స్‌లో జంబో సూపర్‌మార్కెట్ 2019లో, తొందర లేనివాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ బిల్లు వేయించుకునే కౌంటర్ ఒకటి పెట్టింది. రెండూ మంచివే, కాదనను. కానీ చూడండి, ఒకప్పుడు ఊరికే దొరికిన పలకరింపును లాభనష్టాల లెక్కలో చేతులారా తీసేసి, ఇప్పుడు ప్రత్యేక సేవగా మళ్ళీ తెచ్చుకుంటున్నాం. బ్రాంచి మూసేటప్పుడు రోజుకు ఎన్ని లావాదేవీలు అని చూస్తారు, ఎన్ని పలకరింపులు అని ఎవరూ చూడరు. రోడ్డు, నీళ్ళు, కరెంటు ఎలాగో ఊళ్ళో మనుషులు ఆగి మాట్లాడుకునే చోట్లూ అలాగే. వాటిని మూసే ముందు ఊరిని అడగాలి.

ఆ పెద్దాయనకు మొన్న జ్వరం వచ్చింది. రెండో రోజు పొద్దున్నే ముగ్గురు ఆయన ఇంటికి వచ్చారు. ఒంట్లో ఎలా ఉందని తర్వాత అడిగారు, ముందు అడిగింది తాళంచెవి. ఆయన మంచం మీద నుంచే దిండు కింద చెయ్యి పెట్టి తీసిచ్చారు. వాళ్ళు గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచి, నీరసంగానే చెప్పారు: ‘తాళం కాస్త పైకెత్తి తిప్పండి, లేకపోతే రాదు. పేపర్లు నేనొచ్చి సర్దుతాను, మీరు ముట్టుకోకండి.’