నోరు మూసినంక వచ్చే మాట

"వాడు నోరు మూసినంక మాటొస్తుందేందిరా అయ్యా, ఇదేమన్న డబ్బింగ్ సినిమానా?"

ముప్పై ఎనిమిది వేలు పెట్టి నేను తెచ్చిన వైర్‌లెస్ హైఫై స్పీకర్ల మీద మా ఇంట్ల వచ్చిన మొదటి మాట ఇది. అన్నది మా అమ్మ. ఆమెకు బ్లూటూత్ అంటే ఏందో తెల్వదు. గాని ఆ దుకాణపాయన నాకు చెప్పనిది, నేను అడగాలని సోయి లేనిది, ఆమె రెండు నిమిషాలల్ల పట్టేసింది.

మా నల్లగొండల హైఫై అంటే వేరే అర్థం. "వానిదంత హైఫై" అన్నమంటే గొప్పలకు పోతడని. అసలు అర్థమేమో సౌండును ఉన్నదున్నట్టు వినిపించుడు. నేను మొదటి అర్థానికి న్యాయం చేసిన, రెండోదానికి చెయ్యలే. పాటలకైతే ఆ స్పీకర్లు బంగారం. ఘంటసాల గొంతు పక్కన కూసొని పాడినట్టుంటది. పాటకింత బాగుంటే సినిమాకు ఇంకెంత బాగుంటదో అనుకోని బ్లూటూత్‌తోటి టీవీకి కలిపిన. అక్కడ తప్పింది లెక్క.

పాటకు ఆలస్యంతోటి పనిలేదు. ప్లే నొక్కినంక సెకను ఆగి మొదలైనా మనకు పట్టింపు ఉండదు. సినిమాల అట్ల కాదు, పెదవి కదిలినప్పుడే మాట రావాలె. బ్లూటూత్ ఏం జేస్తదంటే, సౌండును ముందుగాల కుదిస్తది, ముక్కలు ముక్కలు జేసి గాలిల పంపుతది. అవతల స్పీకరు ఆ ముక్కలను కొన్ని కూడబెట్టుకోని, విప్పి, అప్పుడు వినిపిస్తది. మామూలు బ్లూటూత్‌ల ఇదంత అయ్యేసరికి 150 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతది. సినిమా సెకనుకు 24 బొమ్మలు, ఒక్కో బొమ్మకు 42 మిల్లీసెకన్లు. అంటే మాట వచ్చేసరికి తెర మీద ఐదు బొమ్మలు దాటిపోయినయన్నట్టు.

ఇంకో తీరుగ చెప్త. పానగల్లు చెరువు కట్ట మీద నిలబడి చూడుండ్రి. దూరంగ ఎవరన్న బండ మీద బట్టలు ఉతుకుతుంటే, బట్ట బండకు తగిలినంక చప్పుడు మనకు వస్తది. సౌండు సెకనుకు 343 మీటర్లే ఉరుకుతది మరి. 200 మిల్లీసెకన్లు అంటే ఇంచుమించు డెబ్బై మీటర్లు. టీవీ ఇంట్ల పెట్టి, మనం పోయి నాలుగిండ్ల అవతల గల్లీల నిలబడి చూసినట్టు. దీనికి ముప్పై ఎనిమిది వేలు.

లోకంల చప్పుడు ఎప్పుడైనా చూపు కంటె వెనకే వస్తది గాబట్టి మన మెదడు కొంచెం ఆలస్యాన్ని మన్నిస్తది. ప్రసారాల కోసం ఐటీయూ, అంటే అంతర్జాతీయ టెలికాం సంస్థ, 1998ల ఒక లెక్క కట్టింది. సౌండు ముందొస్తే 45 మిల్లీసెకన్లకే మనిషి గుర్తుపడుతడు, వెనకొస్తే 125 దాకా పట్టించుకోడు. మా అమ్మ లెక్క ఐటీయూ లెక్క ఒక్కటే అన్నట్టు.

"ఫోన్ల చూస్తే బాగనే ఉంటది గదా" అంటరు. ఉంటది. ఎందుకంటే బ్లూటూత్ ఎంత ఆలస్యం చేస్తదో ఫోనుకు తెలుస్తది, వీడియో యాప్ ఆ మేరకు బొమ్మను ఆపి పట్టుకుంటది. టీవీల కొన్ని యాప్‌లకు ఈ సర్దుబాటు ఉండొచ్చు గాని, సెట్‌టాప్ బాక్సుకెళ్లి వచ్చే బొమ్మను చాలావరకు ఏ టీవీ ఆపదు. ఇగ సెట్టింగులల్ల 'ఆడియో డిలే' అని ఒకటుంటది. నేను ఒక రాత్రంత దానితోటి కొట్లాడిన. అది సౌండును ఇంకా వెనక్కి జరిపేది! ముందొచ్చే సౌండుకు మందు అది, వెనకొచ్చేదానికి కాదు. రాత్రి ఒంటిగంటకు ఈ సంగతి సమజైనప్పుడు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే.

తెల్లారి ఏం జేసిన? టీవీకెళ్లి స్పీకరుకు ఒక హెచ్‌డీఎంఐ వైరు గుంజిన. మూడు మీటర్లు. అయిపోయింది. మాట నోట్లెకెళ్లి వచ్చుడు షురూ. ఇది మాత్రం ఈసారి తెలుసుకొనే చేసిన. టీవీ వెనక 'ఏఆర్‌సీ' అని రాసి ఉన్న సాకెట్ల పెట్టాలె, టీవీల సౌండును బయటి స్పీకరుకు పంపేది అదే. ఇది 2009ల వచ్చింది, 2017ల 'ఈఏఆర్‌సీ' అని ఇంకా పెద్దది వచ్చింది. టీవీ సెట్టింగుల డిజిటల్ అవుట్‌పుట్ 'పీసీఎం' అని ఉంటే చాలావరకు రెండు చానళ్లే, అంటే ఎడమది కుడిది మాత్రమే, పోతయి. ఐదు స్పీకర్లున్నోళ్లు దాన్ని 'పాస్‌త్రూ' లేకపోతే 'ఆటో' చేసుకోవాలె. ఇంత ఖర్చు పెట్టి ఈ ఒక్క బటన్ నొక్కక ఏండ్లకేండ్లు స్టీరియోనే విన్నోళ్లు నాకు తెలుసు.

అన్ని వైర్‌లెస్‌లు బ్లూటూత్ లెక్కనే ఉంటయనుకోకుండ్రి. సినిమా కోసమే చేసినవి ఉన్నయి. వైసా అనే పద్ధతి ఉంది, అది ఇంటి వైఫైతోటి పనిలేకుండ 5 గిగాహెర్ట్జ్‌ల తన తొవ్వ తను వేసుకుంటది. ఆలస్యం ఐదు మిల్లీసెకన్ల దగ్గర. అంటే రెండు మీటర్లు కూడ లేదు, కుర్చీ జర వెనక్కి జరుపుకున్నంత. మంచి సౌండ్‌బార్లు వెనక స్పీకర్లతోటి మాట్లాడుకునేది కూడ ఇట్లనే సొంత సిగ్నల్ మీద. కిరాయి ఇండ్లల్ల ఉండేటోళ్లకు, గోడకు మొల కొడితే ఓనర్ ఊకోని కాడ, ఇవి వరమే. నేను కాదనను.

నా కోపం వస్తువు మీద కాదు, ఆ మాట మీద. 'వైర్‌లెస్' అంటే వైరు లేనిది అని గదా! మరి ఆ డబ్బా విప్పంగనే బయటపడేది ఏంది? కరెంటు వైరు. ప్రతి స్పీకరుకు ఒకటి. పాత పద్ధతి స్పీకరుకు సన్నటి వైరు ఒకటి చాలు, దాంట్లెనే సౌండు, దాంట్లెనే పవరు. దానికి ప్లగ్గు అవసరం లేదు. ఈ కొత్తదానికి ఆ సన్న వైరు తీసేసి, 230 వోల్టుల వైరు పెట్టిండ్రు. దీన్ని వైర్‌లెస్ అంటరు! ఇంకొన్ని సెట్లల్ల అయితే వెనక స్పీకర్లు రెండూ ఒక చిన్న డబ్బాకు వైర్లతోటే కలుస్తయి, ఆ డబ్బా ఒక్కటే వైర్‌లెస్.

మన ఇండ్లల్ల సోఫా వెనక గోడకు ప్లగ్గు ఎక్కడ ఉంటది చెప్పుండ్రి. బోర్డు ఉండేది దర్వాజ పక్కన, ఛాతీ ఎత్తున. జడ్చర్లల మా బావ ఐదు స్పీకర్ల వైర్‌లెస్ సెట్టు కొన్నడు. చూద్దమని పోయిన. ముందు మూడు స్పీకర్లు, ఊఫర్ టీవీ పక్కన సర్దుకున్నయి. వెనక రెండింటికి ఎక్స్‌టెన్షన్ బాక్సు కావాలె. అది దర్వాజ కాడికెళ్లి, చాప కిందికెళ్లి, సోఫా వెనకకు. అక్క రెండుసార్లు తట్టుకోని పడబోయింది. అదైనా సరే అనుకుంటే, సినిమా మంచి పట్టుల ఉన్నప్పుడు కరెంటు పోయింది. టీవీ, ముందు స్పీకర్లు ఇన్వర్టర్ మీద నడుస్తున్నయి. వెనకయి రెండు ఇన్వర్టర్ లైను మీద లేవు, బంద్. హెలికాప్టర్ ముందుకెళ్లి వచ్చింది, వెనకకు పోయేటప్పుడు మాయమైంది. "ఏడికి పోయింది బామ్మర్దీ?" అని బావ నన్నే అడుగుతడు.

ఇంకో ముచ్చట. ఈ రెండు హైఫై స్పీకర్ల పద్ధతి ఒక్కడు నడుమ కూసొని చూసే ఇండ్లకు పుట్టింది. నడుమ కూసుంటే రెండింటి నడుమకెళ్లి, సరిగ్గ తెరకెళ్లి మాట వచ్చినట్టు ఉంటది. మా ఇంట్ల ఆదివారం సినిమా పెడితే సోఫాల నలుగురు, దివాను మీద ఇద్దరు, కింద చాపల పిల్లలు. అమ్మ ఎప్పుడైనా గోడ పక్కన కుర్చీలనే. ఆమెకు హీరో మాట్లాడినా విలన్ మాట్లాడినా ఎడమ స్పీకరుకెళ్లే వస్తది. అందుకే నడుమ స్పీకరు ఉండాలె. సినిమాల మాటలు ఎక్కువ పాలు పోయేది దానికే. పైసలు తక్కువుంటే వెనక స్పీకర్లు రేపు కొనుండ్రి, నడుమది ఇయ్యాల కొనుండ్రి. అట్మాస్ అని, మీదికెళ్లి వాన పడినట్టు వినిపిస్తదని దుకాణంల చూపిస్తరు. బాగుంటది. మాట సమజయినంక చూసుకుందం.

అన్నిటికంటె పెద్ద పంచాయితి గదితోటి. మా హాలుకు కింద షాబాదు బండలు, మీద స్లాబు, చుట్టూ లప్పం పెట్టి నున్నగ చేసిన గోడలు. నడుమ నిలబడి ఒక్క చప్పట కొడితే 'ఠంగ్' అని లోపటనే తిరుగుతది. అటువంటి గదిల లక్ష రూపాయల స్పీకరు పెట్టినా బావిల రాయి ఏసినట్టే ఉంటది, వైరుదైనా వైర్‌లెస్‌దైనా. నేను చేసింది ఏందంటే, నాయిన కప్పుకున్న రెండు గొంగళ్లు సందుకలకెళ్లి తీసి, నాలుగంగుళాల చెక్క ఫ్రేముకు బిగించి వెనక గోడకు పెట్టిన. పాలమూరు దిక్కు గొర్రెల ఉన్నితోటి నేసినవి అవి, మందంగ, గరుకుగ. ఉన్ని సౌండును పీల్చుకుంటది. గోడకు నడుమ సందు ఉంటే ఇంకా మంచిగ పీల్చుకుంటది. ముందర చాప తీసి జంపఖాన పరిచిన. ఊఫర్ దడ దీనికి తగ్గదు, అది వేరే లెక్క. గాని మాటలు తేటపడ్డయి. ఒక్క రూపాయి ఖర్చు కాలే. అమ్మ మాత్రం వారం దినాలు అలిగింది, "మీ నాయిన గొంగడి మొలలకు కొడ్తవా" అని.

ఇయ్యాల ఇదంత ఎందుకు రాస్తున్ననంటే, మా బావ కొత్త ఇల్లు కడుతుండు. బుధవారం స్లాబు. నిన్న ఫోను చేసి చెప్పిన: "బావా, కరెంటాయన పైపులు వేసేటప్పుడు, టీవీ గోడకెళ్లి సోఫా వెనక గోడ దాకా ఒక అంగుళం పైపు ఎక్స్‌ట్రా వేయించు. కరెంటు వైర్ల పైపుల కలపొద్దు, వేరేది. లోపట ఒక లాగుడు వైరు పెట్టి వదిలెయ్యి. వెనక గోడకు రెండు ప్లగ్గు పాయింట్లు, అవి గూడ ఇన్వర్టర్ లైను మీద." పైపుకయ్యే ఖర్చు మనం ఇంటర్వెల్‌ల తినే సమోసాలకు ఎక్కువ, ఆ స్పీకరు స్టాండుకు తక్కువ. స్లాబు పోసినంక అదే పని కావాలంటే గోడకు గాడి కొట్టాలె, మళ్ల లప్పం, మళ్ల రంగు.

మీరు ఇల్లు కడుతుంటే మీరూ వేయించుకోండ్రి. తర్వాత వైరు గుంజుతరా, వైర్‌లెస్ పెడుతరా మీ ఇష్టం. రెండింటికీ పనికొస్తది.

బావ అంత ఇని ఏమన్నడో తెలుసా? "ఇంకా వైర్లేంది బామ్మర్దీ, అంత వైర్‌లెస్ జమానా గదా."

మంగళవారం పొద్దుగాల జడ్చర్ల బస్సు ఎక్కుతున్న. పైపులు నేనే కొని పట్కపోతున్న.