బొమ్మకెన్ని సున్నాలు?

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య జర్మనీలో బొమ్మలు వేసుకు బతికినవాళ్ళ మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి. దేశం కష్టాల్లో ఉన్నప్పుడు చిత్రకారుడు గీయాల్సినవి ఏమిటండీ? ఒక చెరువు, అందులో రెండు బాతులు, వీలైతే వెనకాల ఓ కొండ. చెరువు గీసినవాడి జోలికి ఏ పోలీసూ రాడని నా సిద్ధాంతం. ఈ చిన్న విషయం వాళ్ళ బుర్రకెక్కలేదు.

1923 సంగతే చూడండి. యుద్ధానికి ముందు నాలుగు మార్కుల చిల్లరకు వచ్చే డాలరు, ఆ ఏడు నవంబరుకల్లా 4.2 లక్షల కోట్ల మార్కులైంది. నోట్లు ముద్రించలేక చస్తున్న తురింగియా రాష్ట్ర బ్యాంకు, బౌహౌస్ అనే కళల బడిలో చదువుకుంటున్న హెర్బర్ట్ బేయర్ అనే కుర్రాడికి ఆ పని అప్పజెప్పింది. పూలు లేవు, దేవతలు లేరు. లావుపాటి అక్షరాలు, అంతకన్నా లావుపాటి అంకెలు. పది లక్షల నోటుతో మొదలై పైకి పోయింది. దేశం సున్నాలు అడిగింది, కుర్రాడు సున్నాలు గీసిచ్చాడు. కళాసేవ అంటే ఇదీ.

ఇక కేథే కోల్విట్జ్ గారున్నారు. ‘జర్మనీ పిల్లలు ఆకలితో ఉన్నారు’ అని పోస్టరు వేశారావిడ. పిల్లలు తలలెత్తి చూస్తూ గిన్నెలు చాపుతుంటారు. ఏ గిన్నెలోనూ ఏమీ లేదు. కాగితం మీద ఓ బంగాళాదుంప పడేస్తే ఆవిడ సొమ్మేం పోయింది? గీసేవాళ్ళకే ఇంత పిసినారితనమైతే ప్రభుత్వాన్ని ఏమని అడుగుతాం! కొడుకు పీటర్ 1914లోనే యుద్ధంలో పోయాడు కాబట్టి పైవాళ్ళు కొంత ఓర్చుకున్నారు. 1933లో నాజీలొచ్చాక ఆ ఓర్పు కూడా అయిపోయి ఆవిడని కళల అకాడమీ నుంచి పంపించేశారు.

లెక్కలు రాకపోవడం వీళ్ళందరికీ ఉన్న జబ్బు. 1920లో బెర్లిన్‌లో, యుద్ధాన్నీ పెద్దమనుషుల్నీ వెక్కిరించే డాడా అనే కళాకారుల గుంపు ప్రదర్శన పెట్టింది. సైనికాధికారి యూనిఫాం వేసిన దిష్టిబొమ్మకు పంది మొహం తగిలించి సీలింగుకు వేలాడదీశారు. సైన్యానికి అవమానమని కేసు. ఆ గుంపులోని చిత్రకారుడు గేయార్గ్ గ్రోస్ మీద 300 మార్కుల జరిమానా పడింది. తెలివున్న లాయరు ఎవరైనా రెండేళ్ళు వాయిదాలు లాగేవాడు. 1923 దాకా లాగితే ఆ డబ్బుకి అగ్గిపుల్ల కూడా వచ్చేది కాదు.

అతనికి బుద్ధి రాలేదు. 1926లో ‘సమాజ స్తంభాలు’ అని ఇంకొకటి గీశాడు. ముందు నిలబడ్డ పెద్దమనిషి చేతిలో బీరు గ్లాసు, టై మీద స్వస్తిక పిన్ను. పుర్రె పైభాగం తెరిచి ఉంది, అందులోంచి గుర్రమెక్కిన సిపాయి దూకుతున్నాడు. పక్కన పత్రికల పెద్దాయన, నెత్తిన మూత్రపాత్ర బోర్లించుకుని. ఇంకో ప్రజాప్రతినిధి తలలో మెదడుకు బదులు ఆవిర్లు కక్కుతున్న పేడ. నా అభ్యంతరం పేడ గురించి కాదు, తేదీ గురించి. హిట్లర్ గద్దెనెక్కడానికి ఏడేళ్ళ ముందే గీసేస్తే చూసేవాళ్ళకి టెన్షన్ కాదూ? ఏదైనా జరిగిపోయాక, అందరితో పాటు ఆశ్చర్యపోవడం మర్యాద.

ఓట్టో డిక్స్ మరీ ఘోరం. యుద్ధంలో మెషిన్ గన్ పేల్చి ఐరన్ క్రాస్ పతకం తెచ్చుకున్నవాడు, ఆ గౌరవం నిలుపుకోవాలా వద్దా? ‘కందకం’ అని, ఫిరంగి దాడి తర్వాత కుళ్ళిన శవాలతో ఓ పెద్ద బొమ్మ వేశాడు. కొలోన్ మ్యూజియం కొన్నది. కొని, సున్నితమైన మనసుల కోసం తెర వెనక పెట్టింది. నాలుగేళ్ళ యుద్ధం చూడ్డానికి అడ్డుపడని మనసులు బొమ్మ దగ్గర అడ్డుపడ్డాయి. చివరికి మేయర్ అడెనావర్ కొనుగోలు రద్దు చేశాడు, మ్యూజియం డైరెక్టరు కుర్చీ దిగాడు.

ఆ బొమ్మకు తెర తీసిన పుణ్యం మాత్రం నాజీలదే. 1937 జులైలో మ్యూనిక్‌లో ‘చెడిపోయిన కళ’ అని ప్రదర్శన పెట్టి 650 దాకా పనులు వంకరటింకరగా వేలాడదీశారు, డిక్స్ కందకంతో సహా. ప్రవేశం ఉచితం, పిల్లలకు మాత్రం లేదు. 20 లక్షల మంది వచ్చారు. దగ్గర్లోనే ప్రభుత్వం మెచ్చిన కళకి కొత్త భవనంలో ఇంకో ప్రదర్శన ఉంది, జనం ఈ లెక్క దరిదాపుల్లోకి రాలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ధర చీటీలు. జర్మన్ కష్టజీవి పన్ను డబ్బుతో మ్యూజియంలు ఈ చెత్త కొన్నాయని చెబుతూ, బొమ్మల పక్కన ధర రాశారు. చాలావాటికి ఆ పాత రోజుల మార్కుల్లో, సున్నాలన్నిటితో సహా. ఆ డబ్బుకి అప్పట్లో ఏమొచ్చేదో రాయలేదు. చీటీ చిన్నది కదా, చోటు చాలదు.

ఎమిల్ నోల్డే విషయంలో నా చెరువు సిద్ధాంతం కాస్త దెబ్బతిన్నదని ఒప్పుకోవాలి. సముద్రాలు, పూలతోటలు గీశాడు, పైగా నాజీ పార్టీ సభ్యుడు. మ్యూజియంల నుంచి అందరికన్నా ఎక్కువగా పట్టుకుపోయింది అతని పనులే, 1,052. బాతులు మర్చిపోయి ఉంటాడు.

అలా పోగేసిన చెత్తలోంచి 125 పనులు ఏరి 1939 జూన్ 30న స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌లో వేలం వేశారు. వాన్ గో తన మొహం తానే గీసుకున్న బొమ్మ 1,75,000 ఫ్రాంకులు పలికింది. స్విస్ ఫ్రాంకులండీ, మార్కులు కావు. సున్నాలు నేను రెండుసార్లు లెక్కపెట్టాను, మూడే ఉన్నాయి.