టికెట్ ఖరీదైతే పైరసీవాడు దేవుడైపోతాడా?

పైరసీ సినిమాల సైట్ ఐబొమ్మ నడిపినవాణ్ణి 2025 నవంబర్‌లో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నప్పటి నుంచీ ఒకటే మెసేజ్. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఉంది, కాలేజీ ఫ్రెండ్స్ గ్రూపులో ఉంది, ఆఫీసులో పక్క సీటాయన పంపాడు, చివరికి మా మావయ్య కూడా "చదువు, బాగా రాశాడు" అంటూ పంపించారు. చదివాను. ఇంకెవరూ పంపకుండా ఉంటారేమోనన్న ఆశతో ఇక్కడ జవాబు రాస్తున్నాను.

మెసేజ్‌లో ఉన్నది క్లుప్తంగా ఇది: 2025లో తెలుగులో చూడదగ్గ సినిమా ఒక్కటీ రాలేదు. వచ్చినవన్నీ పాన్ ఇండియా పేరుతో తీసిన చెత్త, మన ఊళ్ళ గురించి ఎవడికీ పట్టదు. నలుగురు సినిమాకి వెళ్తే మూడు వేలవుతుంది. రివ్యూలన్నీ కొన్నవే. కలెక్షన్ పోస్టర్లన్నీ అబద్ధాలు. పాత సినిమాలు వంద రోజులాడేవి, ఇప్పటివి వారం ఆడవు. కాబట్టి పైరసీలో తప్పేమీ లేదు, నిర్మాతల దగ్గర కోట్లున్నాయి, ఆ కుర్రాడు పేదవాడికి సినిమా చూపించిన దేవుడు, పైగా మన విశాఖవాడు, గర్వపడండి.

వంద రోజుల సంగతి ముందే వదిలేద్దాం. అప్పట్లో జిల్లాకి నాలుగు ప్రింట్లొచ్చేవి, ఇప్పుడు ఒకే రోజు ఊళ్ళో సగం స్క్రీన్లలో అదే సినిమా పడుతుంది, చూసేవాళ్ళు మొదటి వారంలోనే చూసేస్తారు. రివ్యూల సంగతి కూడా అంతే. డబ్బు తీసుకుని రాసేవాళ్ళు లేరనను. కానీ మనకి నచ్చని సినిమాని మెచ్చుకున్న ప్రతివాడూ అమ్ముడుపోయాడంటే ఇక సినిమా గురించి మాట్లాడుకోవడం ఎందుకు?

ఒక్క సినిమా కూడా రాలేదన్న మాట దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. నేనేమీ వారం వారం థియేటర్‌కి పరిగెత్తే మనిషిని కాను, ఎవరైనా బాగుందంటే వెళ్తాను. అలా వెళ్ళినవాటిలోనే మార్చిలో 'కోర్ట్' ఉంది. ఆ కథ జరిగేదే మన విశాఖపట్నంలో. పిల్లలపై లైంగిక నేరాలని ఆపడానికి పెట్టిన పోక్సో చట్టాన్ని పగ తీర్చుకోవడానికి వాడుకుంటే పందొమ్మిదేళ్ళ కుర్రాడి బతుకు ఏమవుతుందో చెప్పిన సినిమా. మంగపతిగా శివాజీ తెర మీద కనిపించిన ప్రతిసారీ హాల్లో జనం గుసగుసలు ఆపేశారు. పెద్ద హీరో లేడు, ఫారిన్ పాట లేదు, అయినా ఆడింది. వెంకటేశ్ 'సంక్రాంతికి వస్తున్నాం' తెలుగువాళ్ళ కోసమే తీసింది, ఏ పాన్ ఇండియా హడావుడీ లేకుండానే జనం ఎగబడ్డారు. నాకు రెండో సగంలో అరుపులెక్కువనిపించింది, కానీ మా ఇంట్లో పిల్లల నుంచి పెద్దవాళ్ళ దాకా అందరూ కలిసి నవ్వారు. 'కుబేర' నిడివి తగ్గించాల్సింది, అయినా ధనుష్ కోసం ఆ మూడు గంటలూ కూర్చోవచ్చు. సెప్టెంబర్‌లో 'లిటిల్ హార్ట్స్' చూశాను. ఎంసెట్ కోచింగ్ రోజులు గుర్తున్న ఎవరైనా ఆ సినిమాకి నవ్వకుండా ఉండలేరు. ప్రేమ పేరుతో అమ్మాయిని గుప్పిట్లో పెట్టుకోవడం గురించి తీసిన 'ది గర్ల్‌ఫ్రెండ్' చూస్తున్నంతసేపూ ఇబ్బందిగానే ఉంది, ఆ ఇబ్బంది పడాల్సిన మగపిల్లలకే ముందు చూపించాలి దాన్ని. ఇవన్నీ నచ్చకపోవచ్చు మీకు. నచ్చలేదనండి. రాలేదనకండి. మీరు వెళ్ళలేదు, అంతే.

మన ప్రాంతం గురించి ఎవడికీ పట్టదట. ఫిబ్రవరిలో వచ్చిన 'తండేల్' ఎవరి కథ? 2018లో గుజరాత్ వైపు చేపల వేటకెళ్ళి పాకిస్తాన్‌కి పట్టుబడిన మన శ్రీకాకుళం మత్స్యకారుల కథే కదా. పాకిస్తాన్ జైలు భాగం నాకూ తేలిపోయినట్టే అనిపించింది, యాస అక్కడక్కడా తప్పింది. అయినా మనవాళ్ళు ఇంత సముద్రం ముందు పెట్టుకుని వేటకి గుజరాత్‌లోని వెరావల్ దాకా ఎందుకు వెళ్ళాల్సొస్తోందో ఒక పెద్ద సినిమాలో కనబడటం చిన్న విషయం కాదు. ఆ సినిమాకి మనం చేసిన మర్యాద ఏమిటి? విడుదలైన కొద్ది రోజులకే దాని పైరసీ కాపీని పలాస నుంచి విజయవాడ వెళ్ళే ఆర్టీసీ బస్సులో వేశారు. శ్రీకాకుళం జిల్లాలోని పలాస నుంచి! ఎవరి కథో ఆ ఊళ్ళ మీదుగానే దొంగ ప్రింటు తిరిగింది. నిర్మాతలు బయటపెట్టాక గానీ విషయం తెలియలేదు. మన ఊళ్ళ కథలు తియ్యరని ఏడ్చేవాళ్ళే, తీసిన ఒక్కటీ దొంగ కాపీలో చూసి కూర్చుంటే, రెండోది తియ్యడానికి ఎవరు డబ్బులు పెడతారు?

పోస్టర్ల మాట దగ్గర మెసేజ్ రాసినవాడి లెక్క నాకు అర్థం కాలేదు. 'గేమ్ ఛేంజర్'కి మొదటి రోజే 186 కోట్లని పోస్టర్ వేశారు, ఎవరూ నమ్మలేదు, నేనూ నమ్మలేదు. సరే, పోస్టర్లు అబద్ధం. మరి నాలుగు లైన్ల కింద "నిర్మాతల దగ్గర కోట్లున్నాయి" అని రాశాడు. ఏ కోట్లు? ఇందాక అబద్ధమన్న కోట్లేనా? వేసిన అంకె నిజమే అయినా అందులోంచి జీఎస్టీ పోవాలి, థియేటర్ వాటా పోవాలి, డిస్ట్రిబ్యూటర్‌ది పోవాలి. టికెట్ల మీద వచ్చిన మొత్తానికీ (గ్రాస్) ఇవన్నీ పోగా మిగిలే వాటాకీ (షేర్) తేడా ఇప్పుడు కాలేజీ కుర్రాళ్ళకి కూడా తెలుసు. ఆ సినిమాకే మన గాజువాకలో ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకోండి: థియేటర్లలో ఆడుతుండగానే ఒక లోకల్ కేబుల్ ఛానెల్‌లో పైరసీ ప్రింటు వేసేశారు, పోలీసులొచ్చి పట్టుకెళ్ళారు. సినిమా బాగోలేదు, ఒప్పుకుంటాను. బాగోలేకపోతే చూడకూడదు, దొంగిలించి వీధంతా వెయ్యకూడదు.

ఇక దేవుడి గురించి. అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే.

పోలీసులు చెప్పినదాని ప్రకారం అతని హార్డ్ డిస్కుల్లో 21,000 సినిమాలు దొరికాయి. 20 కోట్ల దాకా సంపాదించాడన్నారు. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది? సినిమా ఫ్రీగా చూపిస్తే డబ్బులెలా వస్తాయి? బెట్టింగ్ యాప్‌ల ప్రచారం నుంచి. సినిమా కోసం నొక్కిన ప్రతి పిల్లాడి ముందూ బెట్టింగ్ ప్రకటన పెట్టి సంపాదించిన డబ్బది. పైగా 50 లక్షల మంది వివరాలు అతని దగ్గరున్నాయన్నారు. మీ నంబరు, మీ పిల్లల నంబరు అందులో లేవని ఎవరు చెప్పగలరు? కేసు కోర్టులో తేలాలి, శిక్ష వెయ్యడం నా పని కాదు. కానీ ఆ సైట్ తెరిస్తే ఎలాంటి ప్రకటనలు మీద పడేవో చూసినవాళ్ళకి పోలీసులు చెప్పక్కర్లేదు. మా వీధిలో ఒక కుర్రాడు ఇలాంటి యాప్‌లోనే మొదట వెయ్యి, తర్వాత జీతం, తర్వాత వాళ్ళమ్మ గాజులు పోగొట్టాడు. ఆ ఇంటికి వెళ్ళి చెప్పండి, పేదవాడికి సినిమా చూపించిన దేవుడని. చెప్పగలరా?

పేదవాడి పేరు ఎత్తినందుకే ఇంకో మాట. పైరసీతో ముందు దెబ్బ తినేది పెద్ద హీరో కాదు, ఆయన రెమ్యునరేషన్ ముందే తీసుకున్నాడు. వారానికి మూడు షోలు ఖాళీగా పోతే ముందు జీతం ఆగేది గేటు దగ్గర టికెట్ చింపే మనిషికి, పార్కింగ్‌లో చీటీలిచ్చే కుర్రాడికి, క్యాంటీన్‌లో సమోసాలు వేసే ఆవిడకి. తర్వాత పోయేది అప్పు తెచ్చి మొదటి సినిమా తీసినవాడు. స్టార్ సినిమాకి మొదటి మూడు రోజులు అభిమానులు ఎలాగూ వస్తారు. చిన్న సినిమాకి జనం రావాలంటే చూసినవాళ్ళు బాగుందని చెప్పాలి, ఆ మాట పాకేలోపే హెచ్‌డీ ప్రింటు మీ ఫోన్‌లో ఉంటుంది. మంచి సినిమాలు రావట్లేదని మెసేజ్ రాసి, అవి బతికే వారం రోజుల్నీ దొంగకి అప్పగిస్తామంటున్నారు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి కనీసం మూడు నెలల జైలు, మూడు లక్షల జరిమానా పెట్టింది ఊరికే కాదు.

మన విశాఖవాడు కాబట్టి గర్వపడాలట. వద్దు బాబూ. గర్వపడాలంటే ఈ ఊళ్ళో వేరేవాళ్ళు చాలామంది ఉన్నారు.

మూడు వేల లెక్క కూడా చూద్దాం. 2025లో వైజాగ్ మల్టీప్లెక్స్‌లో మామూలు రోజుల్లో టికెట్ 150, జీఎస్టీతో 177. నలుగురికి 708. జగదాంబ, శరత్ లాంటి సింగిల్ స్క్రీన్‌లో అయితే ఇంకా తక్కువ. మిగతా రెండు వేల పైచిలుకు పాప్‌కార్న్ బకెట్లు, కూల్‌డ్రింకులు. అవి కొనమని ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. మంచినీళ్ళు ఉచితంగా ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టే చెప్పింది. నవంబర్‌లో 'రాజు వెడ్స్ రాంబాయి' వాళ్ళు సింగిల్ స్క్రీన్‌లో 99 రూపాయలే పెట్టారు. టికెట్ తగ్గిస్తే వస్తామన్నవాళ్ళలో ఎంతమంది వెళ్ళారో నాకు తెలుసుకోవాలనుంది, మెసేజ్ పంపినవాళ్ళని అడిగితే ఒక్కరూ జవాబు చెప్పలేదు.

అయితే ఇక్కడే ఒక మాట ఒప్పుకోవాలి, ఎందుకంటే మెసేజ్‌లోని కోపం మొత్తం అబద్ధం కాదు. 'ఓజీ'కి విడుదలకి ముందు రోజు, సెప్టెంబర్ 24 రాత్రి వేసిన ప్రీమియర్ షోకి మన రాష్ట్రంలో వెయ్యి రూపాయలు పెట్టుకోనిచ్చారు, ఆ తర్వాత పది రోజులు మల్టీప్లెక్స్‌లో ఒక్కో టికెట్ మీద 150 పెంచుకోనిచ్చారు. అంటే ఆ దసరా సెలవుల్లో అదే నలుగురికి 1,308 రూపాయలు. పిల్లలకి సెలవులున్నదీ దాదాపు ఆ రోజుల్లోనే. రేటు తగ్గేసరికి సెలవులైపోతాయి. ప్రతి పెద్ద సినిమాకీ ప్రభుత్వం దగ్గరికెళ్ళి జీవో తెచ్చుకోవడం, అభిమాని దగ్గర మొదటి వారంలోనే పిండుకోవడం, ఇది తప్పు, దీన్ని నేను సమర్థించను. నాలుగు వారాలకే ఓటీటీలో పెట్టేస్తామని నిర్మాతలే జనానికి అలవాటు చేశారు. ఇంట్లో కూర్చుంటే నెలలో వచ్చేస్తుందని తెలిశాక మధ్యతరగతి మనిషి 327 రూపాయల టికెట్ ఎందుకు కొంటాడు? 'పుష్ప 2' వాళ్ళు 56 రోజులు ఓటీటీలో ఇవ్వమని ముందే చెప్పి, మాట మీద నిలబడ్డారు. అది మిగతావాళ్ళూ చెయ్యొచ్చు.

రేట్ల గురించి, ఓటీటీ గడువు గురించి ఎవరైనా సూటిగా ఒక మెసేజ్ రాయండి, మంత్రిగారి పేజీ కింద, నిర్మాతల పేజీల కింద పెడదాం, నేను మా గ్రూపులన్నిటికీ పంపిస్తాను. అందులో దొంగకి దండ వేసే లైను మాత్రం ఉండకూడదు.