ఇల్లు కావాలంటే ఇంటిపేరు

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇంటింటికీ మనుషులను పంపి కులాల లెక్క తీయించినప్పుడు నా ప్రాణం ఉసూరుమంది. ఈ పని హైదరాబాదులోని అద్దె ఇళ్ళ బ్రోకర్లకు అప్పగించి ఉంటే వారంలో తేలిపోయేది కదా! కాగితాల కట్ట పట్టుకొని వచ్చిన పంతులుగారు అరగంట కూర్చొని రాసుకున్నదాన్ని మా పేట బ్రోకరు ఫోనులో రెండు ముక్కల్లో రాబడతాడు. మొదట "ఇంటిపేరు ఏమిటి సార్?" అంటాడు. దానితో తేలకపోతే "నాన్‌వెజ్ తింటారా?" అంటాడు. ఇల్లు కావాలంటే ఇంటిపేరు చెప్పుకోవాలన్నది మన భాషలోనే ఉంది. ఆయనను తప్పుపట్టి ఏం లాభం?

ఆయన పనితనం నేను కళ్ళారా చూశాను. మా ఆఫీసులో నాకన్నా పెద్ద జీతగాడు ఒకాయన మొన్న వేసవిలో ఇల్లు వెతుక్కున్నాడు. పేరు వింటే మతం తెలిసిపోతుంది కాబట్టి ఫోన్లు నేను చేశాను. మియాపూర్‌లో మూడో అంతస్తు, రెండు పడకగదులు, తూర్పు వాకిలి, మంజీరా నీళ్ళు. "ఎవరైనా పర్వాలేదు సార్, ఓనరుకు ఏ పట్టింపులూ లేవు" అన్నాడు బ్రోకరు.

మరునాడు ఇద్దరం వెళ్ళాం. బ్రోకరు తాళం తీస్తూ తీస్తూ, మాటవరసకన్నట్టు మావాడి పేరు అడిగాడు. మావాడు చెప్పాడు. తాళంచెవి సగం తిరిగి అక్కడే ఆగింది. బ్రోకరు జేబులోంచి ఫోను తీసి చెవిన పెట్టుకొని, "అలాగా అండీ, వాళ్ళు అడ్వాన్సు ఇచ్చేశారా, అయ్యో" అన్నాడు. ఆ ఫోను మోగలేదు, వెలగలేదు, కనీసం వణకనైనా లేదు. గేటుకు కట్టిన టూలెట్ అట్ట మాత్రం ఆగస్టులో కూడా అక్కడే ఉంది. "శాకాహారులకు మాత్రమే" అన్న అక్షరాలు వానకు కారిపోయాయి. దాని కిందే, పార్కింగులో, స్కూటరు సీటు మీద పొట్లం విప్పుకొని ఓనరుగారి అబ్బాయి బిర్యానీ తింటున్నాడు. ఇంట్లోకి తీసుకెళ్తే నాన్నగారు ఒప్పుకోరట. నియమం అంటే అలా ఉండాలి.

బ్రోకర్ల మధ్య పోటీ తప్ప ఐకమత్యం లేదని కొందరు ఆడిపోసుకుంటారు. ఆ సాయంత్రానికల్లా నిజాంపేట దాకా ఏ బ్రోకరుకు ఫోను చేసినా, "పొద్దున మియాపూర్ వెళ్ళింది మీరేనా సార్?" అని వాళ్ళే అడిగారు. కమీషన్ అయితే చెరి సగం పంచుకోవాలి. మావాడి పేరు మాత్రం ప్రతి ఒక్కరికీ పూర్తిగా అందింది.

పైగా ఇందులో దోషి ఎవరూ లేరు. బ్రోకరుకు అభ్యంతరం లేదు, ఓనరు ఒప్పుకోడు. ఓనరుకు అభ్యంతరం లేదు, అసోసియేషన్ ఊరుకోదు. అసోసియేషన్ కార్యదర్శికీ అభ్యంతరం లేదు, వాళ్ళ అత్తగారికి వాసన పడదు. ఆ అత్తగారిని నేను చూడలేదు. నగరంలోని ఇన్ని వేల ఫ్లాట్లకూ ఆవిడ ఒక్కరే అనుకుంటాను.

చట్టం కూడా ఎంతో మర్యాదగా పక్కకు తప్పుకుంది. రాజ్యాంగం 15వ అధికరణం వివక్ష కూడదంటూ దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు అని పేరుపేరునా చెప్పింది గానీ, అద్దె వాటాల ఊసెత్తలేదు. 2016 నాటి రెరా (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ) చట్టం ఏజెంట్లను రిజిస్టరు చేసుకోమంది, అదీ ప్రాజెక్టుల్లో అమ్మకాల కోసం. అహ్మదాబాదులోని ఒక పార్సీ గృహనిర్మాణ సంఘం సభ్యత్వాన్ని తమవారికే పరిమితం చేసుకోవచ్చని 2005లో సుప్రీంకోర్టు కూడా అన్నాక, మా బ్రోకరు ధైర్యంగా ఉండక ఏం చేస్తాడు?

చివరికి తెలిసిందేమిటంటే, ఆ ఫ్లాటు అసలు యజమాని ఉండేది డాలస్‌లో. మియాపూర్‌లో ఉన్నది ఆయన అన్నగారు. డాలస్ ఆయన అక్కడ ఇల్లు కొనే ప్రయత్నంలో ఉండి, ఒకరోజు నాతో ఫోనులో గోడు వెళ్ళబోసుకున్నాడు. అమెరికాలో 1968 నుంచి ఒక చట్టం ఉందట. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు నిరాకరించకూడదు. 1988లో చేసిన సవరణతో పిల్లలున్నారన్న వంక కూడా పనికిరాదు. అది తనకు ఎంత అండో చెబుతూ ఆయన గొంతు గద్గదమైంది. కానీ ఒక్కటే బాధ. "మనవాళ్ళు ఎక్కువగా ఉండే వీధి ఏదని అడిగితే ఆ ఏజెంటు నోరు విప్పడండీ! అలాంటివి చెప్పకూడదట, లైసెన్సు పోతుందట. ఇదేం వ్యాపారం?"

ఇక్కడి ఫ్లాటు సంగతి కదిపాను. "అదా, మనవాళ్ళకే ఇమ్మని అన్నయ్యతో చెప్పాను" అన్నాడు, అదే గద్గద స్వరంతో.

డాలస్ ఏజెంటు కథ మా బ్రోకరుకు చెప్పాను. నమ్మలేదు. కాసేపు ఆలోచించి, "పాపం, అక్కడ వాళ్ళకు బ్రోకర్ల వాట్సాప్ గ్రూపు లేదా సార్? నంబరు ఇవ్వండి, మనవాళ్ళలో చేర్చుకుందాం" అన్నాడు.