సగానికి పడితే రెట్టింపు కొనమనే ఆ ఫార్వర్డ్

‘షేరు అడుగు తాకిందని చెప్పే ఐదు గుర్తులు’ మెసేజ్ మళ్లీ గ్రూపులన్నీ తిరుగుతోంది. 80 శాతం పడిన షేరు ఇంకేం పడదు. ఆర్‌ఎస్‌ఐ (ఈమధ్య ధర ఎంత వేగంగా పెరిగిందో, పడిందో 0 నుంచి 100 లోపు చెప్పే సూచీ) 30 కిందికొస్తే కొనాలి. పీఈ (ఏడాదిలో ఒక్కో షేరుకి వచ్చిన లాభానికి ధర ఎన్ని రెట్లో) ఐదు లోపుంటే చవక. డెలివరీ శాతం (కొన్న రోజే తిరిగి అమ్మకుండా డీమ్యాట్ ఖాతాలోకి తీసుకున్న షేర్ల వంతు) పెరిగితే పెద్దవాళ్లు కొంటున్నట్టు. సగానికి పడిన ప్రతిసారీ రెట్టింపు షేర్లు కొని యావరేజ్ చెయ్యాలి, అంటే సగటున కొన్న ధర తగ్గించుకోవాలి. ఇవీ ఆ ఐదు.

ఆర్‌ఎస్‌ఐ గురించి ఎక్కువ మాట్లాడక్కర్లేదు. పడే షేరులో అది వారాల తరబడి 30 దగ్గరే పడుంటుంది. పీఈ నిరుటి లాభంతో కట్టింది. స్టీలు, చక్కెర కంపెనీల్లో అది బాగా తక్కువగా కనిపించేది లాభాలు శిఖరాన ఉన్నప్పుడే, అంటే ఇక పడబోయే ముందు. డెలివరీ సంగతికొస్తే, ట్రేడ్ టు ట్రేడ్‌లో (ఎక్స్ఛేంజ్ పెట్టే ఒక కట్టడి) పెట్టిన షేరుకి ఇంట్రాడేనే, అంటే అదే రోజు కొని అమ్మడమే, ఉండదు కాబట్టి అది ఎప్పుడూ 100 శాతమే. అయినా కొన్నవాడికి ఎదురుగా అమ్మినవాడూ ఉన్నాడు కదా, ఆ పెద్దమనిషి ఎవరో మెసేజ్ చెప్పదేం?

80 శాతం మాట: 400 షేరు 80కి వచ్చాక 40కి పడితే మొత్తం పతనం 90 శాతమే, 80కి కొన్నవాడికి మాత్రం సగం డబ్బు పోయింది. ఇళ్ల రుణాలిచ్చే కంపెనీ డీహెచ్‌ఎఫ్‌ఎల్ 2018 సెప్టెంబర్ మొదట్లో 600 పైన ఉండేది. 2021 జూన్‌లో పాతిక లోపు దొరుకుతోందని ఎగబడి కొన్నారు. దివాలా పరిష్కార ప్రణాళికలో పాత ఈక్విటీ (అప్పటిదాకా షేర్లున్నవాళ్ల వాటా) విలువ సున్నా. షేర్లు డీలిస్ట్ అయ్యాయి, అంటే మార్కెట్ జాబితాలోంచే పోయాయి.

అన్నిటికంటే ప్రమాదం ఐదోది. యెస్ బ్యాంక్‌తో కట్టి చూడండి. 2018లో 400 దగ్గర 100 షేర్లు, 200 దగ్గర 200, 100 దగ్గర 400, 50 దగ్గర 800. ప్రతిసారీ 40,000, మొత్తం 1,60,000. యావరేజ్ దాదాపు 107. 2020 మార్చి 6న ధర 5.55 తాకింది, అక్కడ ఆ 1,500 షేర్ల విలువ 8,325. తర్వాత రెండు వారాల్లోపే 80 దాటింది కదా అంటారేమో. బ్యాంకుని నిలబెట్టే పునర్నిర్మాణ పథకంలో 100 షేర్ల కంటే తక్కువ ఉన్నవాళ్లని వదిలి మిగతావాళ్లకి 75 శాతం మూడేళ్లు లాక్ చేశారు. 1,125 షేర్లు అమ్మే వీల్లేదు. 2023 మార్చిలో లాక్ తీసేనాటికి ధర 20 కూడా లేదు. మెసేజ్ మాట వినకుండా మొదటి వందతో ఆగినవాడికి పోయేది 40,000 లోపే.

ఒకటి ఒప్పుకోవాలి. నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో (50 పెద్ద కంపెనీల షేర్లని కలిపి కొనే ఫండ్) పడేకొద్దీ కొనడం మంచి పద్ధతే. 2020 మార్చిలో 7,511కి పడిన నిఫ్టీ అదే నవంబర్‌లో పాత గరిష్ఠం దాటింది. చెడిన కంపెనీని ఇండెక్స్ బయట పడేస్తుంది. యెస్ బ్యాంక్‌నీ ఆ మార్చిలోనే తీసేశారు. మీ డీమ్యాట్‌లో ఆ పని చేసిపెట్టేవాళ్లెవరూ లేరు.

అడుగు ఎక్కడో వెతికే ముందు షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్‌లో (ఎవరికెంత వాటా ఉందో కంపెనీ ఇచ్చే పట్టికలో) ప్రమోటర్లు, అంటే కంపెనీ యజమానులు, అప్పుకి తాకట్టు పెట్టిన షేర్ల శాతం చూడండి. ధర పడితే అప్పిచ్చినవాడు ఆ షేర్లు మార్కెట్లో అమ్మేస్తాడు, దాంతో ఇంకా పడుతుంది. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ దొంగ లెక్కల బాగోతం బయటపడ్డాకే, 2009 జనవరిలో, ఈ తాకట్టు వెల్లడించాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పట్టుబట్టింది. తర్వాత మూడేళ్ల ఆపరేటింగ్ క్యాష్ ఫ్లోని (వ్యాపారంలోంచి నిజంగా చేతికొచ్చిన నగదుని) లాభంతో పోల్చండి. లాభం ఉండి నగదు రాకపోతే వదిలేయండి. ఆడిటర్ మధ్యలో రాజీనామా చేసినా అంతే.

ఇవన్నీ దాటితే అప్పుడు ధర. చెడ్డ ఫలితాలొచ్చిన రోజున కూడా పాత కనిష్ఠం తెగకపోతే మూడో వంతు కొనండి, మిగతాది వచ్చే క్వార్టర్ చూశాక. అడుగు నుంచి 15 శాతం పైన కొన్నా నష్టమేం లేదు. కనిష్ఠం తెగితే అమ్మేయాలి, అందుకే రోజూ లోయర్ సర్క్యూట్ (ఒక్క రోజులో పడనిచ్చే హద్దు) కొట్టే షేరు జోలికి పోవద్దు: అమ్ముదామన్నా కొనేవాడుండడు.