గళ్ల సూటు వేసుకోండి, గీతలు కలిపి కుట్టించుకోండి

విజయవాడ బెసెంట్ రోడ్డులో సూట్ల షాపుకెళ్లి రిసెప్షన్‌కి అనగానే మెరిసే నీలం, మెరూన్ తీసి ముందర పరుస్తారు. గళ్లవి చూపించమంటే "పెళ్లికి గళ్లేంటి సార్, ప్లెయిన్ తీసుకోండి" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పక్కనే మంగళగిరిలో మగ్గాల మీద గళ్లూ చారలూ నేస్తుంటే, మనకి డిజైన్ ఉన్న బట్ట కట్టడం రాదా?

గళ్ల సూటు ఎబ్బెట్టుగా కనిపిస్తే చాలాసార్లు తప్పు కుట్టుది. ముందు జేబు చూడండి. ఫ్లాప్ (జేబు మూత) మీది గీతలు కోటు గీతల్లో కలిసిపోయి, అక్కడ జేబు ఉందనే దూరానికి తెలియకూడదు. తర్వాత వీపు మధ్య కుట్టు, దాని మీద కాలర్, అక్కడా గీతలు కలవాలి. ఛాతీ మీది అడ్డగీత చేతి మీద కూడా అదే ఎత్తులో సాగాలి. భుజం పైన అన్నీ కలవడం మంచి టైలర్‌కీ కష్టమే, అక్కడ పట్టుబట్టకండి. ఇలా కలపాలంటే గుడ్డ ఎక్కువ పడుతుంది, గడి పెద్దదయ్యే కొద్దీ ఇంకా ఎక్కువ. అందుకని అదనంగా గుడ్డ అడిగిన టైలర్‌ని అనుమానించకండి, పెద్ద గళ్లు చూసి కూడా అడగనివాడిని అనుమానించండి.

మొదటిసారైతే బూడిద రంగు గ్లెన్ చెక్ తీసుకోండి. స్కాట్లాండ్‌లోని గ్లెన్ అర్కర్ట్ లోయ నుంచి వచ్చిన పేరది, షాపుల్లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అంటారు. సన్న గీతల అల్లిక కాబట్టి దూరానికి ప్లెయిన్‌లా ఉంటుంది, దగ్గరికొస్తే డిజైన్ తెలుస్తుంది. లోపల తెల్ల చొక్కా, ప్లెయిన్ టై చాలు. పిన్‌స్ట్రైప్, అంటే సన్నటి నిలువు చారలు, ఆఫీసుకి బాగుంటుంది, పెళ్లికి నేనైతే వేసుకోను. పొట్టివాళ్లకి గళ్లు నప్పవనే మాట అసలు ఒప్పుకోను, గడి చిన్నది ఎంచుకుంటే సరి.

ఇక ఎండ. వేసవిలో 44 డిగ్రీలు చూసే ఊళ్లో పాలిస్టర్ గుడ్డకి నిండా లైనింగ్ వేసి అమ్ముతున్నారు, పెళ్లికొడుకు ఫొటోలయ్యేసరికి తడిసి ముద్దవుతున్నాడు. ఉన్ని అనగానే స్వెటర్ అనుకోకండి. గాలి ఆడేలా పల్చగా నేసిన ఉన్ని గుడ్డ దొరుకుతుంది. దానికి సగం లైనింగే వేయమనండి.

గీతలు కలవాలని గుడ్డ ఇచ్చేటప్పుడే చెప్పండి. కత్తెర పడ్డాక ట్రయల్‌లో ఎంత గొడవ పెట్టుకున్నా టైలర్ చేయగలిగేది పెద్దగా ఉండదు.